ఫొటోషాప్ షార్ట్‌కట్లు: బసంత్‌నగర్ స్టూడియోలో నేర్చుకున్నవి

మన క్లబ్‌కు పోస్టర్ పని వచ్చిందంటే ఆ రాత్రి హాస్టల్లో ఎవరో ఒకరికి జాగారమే. పోయిన ఉగాది కవి సమ్మేళనానికి ఒక్క పోస్టర్ కోసం ముగ్గురం రాత్రి రెండింటి దాకా కూర్చున్నాం. పని కష్టమై కాదు. ప్రతి చిన్నదానికీ మౌస్ పట్టుకుని మెనూల్లో వెతకడం, ఒకటి సరిచేయబోయి ఇంకొకటి చెడగొట్టడం, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం. అందుకే ఈ సంచికకు కవిత కాకుండా ఒక పాఠం రాస్తున్నా. కవితలు రాసేవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు, పోస్టర్ చేసేవాళ్లే తక్కువ.

ఉగాది తర్వాత వచ్చిన ఎండాకాలం సెలవులు నేను బసంత్‌నగర్‌లో మా మేనమామ ఫొటో స్టూడియోలో గడిపాను. రాజీవ్ రహదారి మీద పెద్దపల్లి దాటి గోదావరిఖని వైపు పోతుంటే సిమెంటు ఫ్యాక్టరీ కనిపించే ఊరు అది. ఇంకాస్త ముందుకు పోతే ఎన్టీపీసీ, ఆ తర్వాత సింగరేణి బొగ్గు బాయిలు. స్టూడియోకు వచ్చే పని కూడా అట్లాంటిదే. ఉద్యోగాల అప్లికేషన్లకు పాస్‌పోర్ట్ ఫొటోలు, పింఛన్ కాగితాలకు భార్యాభర్తల జాయింట్ ఫొటోలు, ఫంక్షన్లకు ఫ్లెక్సీలు, చనిపోయినవాళ్ల పాత ఫొటోలను పెద్దవి చేయడం. కౌంటర్ ముందు మనిషి నిలబడి ఉంటాడు, బయట అతని బస్సు పోతుంటుంది. షార్ట్‌కట్ విలువ ఏందో అక్కడ తెలిసింది.

మొదటి షార్ట్‌కట్ కీబోర్డులో లేదు

మొదటి రోజు మామ నా చేతికి మౌస్ ఇవ్వలేదు, మెత్తటి గుడ్డ ఇచ్చాడు. "అల్లుడా, ముందు స్కానర్ అద్దం తుడువు" అన్నాడు. మా దగ్గర దుమ్ముకు కొదవ లేదు. అద్దం మీద ఉన్న ఒక్కో నలుసు స్కాన్‌లో ఒక్కో చుక్క అవుతుంది. తుడవడానికి అర నిమిషం పడుతుంది. తుడవకపోతే ఆ చుక్కలను ఒక్కొక్కటిగా తీయడానికి అరగంట.

రెండోది, ఎంత రిజల్యూషన్‌లో స్కాన్ చేయాలన్నది ముందే లెక్క వేసుకోవడం. 3.5 × 4.5 సెంటీమీటర్ల ఫొటోను 300 డీపీఐలో స్కాన్ చేస్తే 413 × 531 పిక్సెళ్లు వస్తాయి. దాన్ని 8 అంగుళాల వెడల్పుకు పెంచితే అంగుళానికి 52 పిక్సెళ్లే మిగులుతాయి, ముఖం మసకగా కనిపిస్తుంది. అదే ఫొటోను 1200 డీపీఐలో స్కాన్ చేస్తే 1653 × 2126 వస్తాయి, అంగుళానికి 200 పైనే. తర్వాత ఎన్ని షార్ట్‌కట్లు నొక్కినా స్కాన్‌లో లేనిది తిరిగి రాదు. వాట్సాప్‌లో ఫొటో తెప్పించుకునేటప్పుడు కూడా అంతే. మామూలు ఫొటోలాగా కాకుండా డాక్యుమెంట్‌లాగా పంపమనండి, కుదించకుండా వస్తుంది.

ఎడమ చెయ్యి ఖాళీగా ఉండొద్దు

కుడి చెయ్యి మౌస్ మీద ఉన్నంతసేపూ ఎడమ చెయ్యి కీబోర్డు మీదే ఉండాలి. నేను రోజూ వాడేవి ఇవే:

- కంట్రోల్+జె: లేయర్‌కు కాపీ. సెలెక్షన్ ఉంటే ఆ ముక్క మాత్రమే కొత్త లేయర్ అవుతుంది.
- కంట్రోల్+టి: సైజు మార్చడం, తిప్పడం.
- స్పేస్‌బార్ నొక్కి పట్టుకుని లాగితే బొమ్మ కదులుతుంది. కంట్రోల్+0 కొడితే బొమ్మ మొత్తం తెర మీదికి వస్తుంది, కంట్రోల్+1 కొడితే నూరు శాతం సైజులో కనిపిస్తుంది.
- చదరపు బ్రాకెట్ కీలు: బ్రష్ చిన్నది, పెద్దది. ఆల్ట్ నొక్కి రైట్ క్లిక్‌తో అడ్డంగా లాగినా బ్రష్ సైజు మారుతుంది, నిలువుగా లాగితే అంచు మెత్తదనం మారుతుంది.
- డి కొడితే రంగులు మళ్లీ నలుపు, తెలుపు. ఎక్స్ కొడితే ఆ రెండూ తారుమారు. మాస్క్ మీద పనిచేసేటప్పుడు ఈ రెండు కీలు లేకుండా రోజు గడవదు.
- ఆల్ట్+బ్యాక్‌స్పేస్: ముందు రంగు నింపడం. కంట్రోల్+బ్యాక్‌స్పేస్: వెనక రంగు నింపడం.
- కంట్రోల్+ఐ: రంగులు తలకిందులు. తెల్ల మాస్క్ మీద కొడితే నల్లగా మారి, ఆ లేయర్ మొత్తం దాక్కుంటుంది.
- బ్రష్ చేతిలో ఉన్నప్పుడు అంకె 5 కొడితే ఒపాసిటీ 50 శాతం, 2 కొడితే 20 శాతం.
- ట్యాబ్: ప్యానెళ్లన్నీ మాయం. బొమ్మ ఒక్కటే కనిపిస్తుంది.

తెలుగు టైప్ చేసేవాళ్లకు ఒక మాట. కీబోర్డు తెలుగులో ఉండిపోతే ఒంటి అక్షరం షార్ట్‌కట్లు పనిచేయవు. నేను మొదట్లో సాఫ్ట్‌వేర్ చెడిపోయిందనుకుని రెండుసార్లు సిస్టం రీస్టార్ట్ చేశాను. విండోస్+స్పేస్ కొట్టి ఇంగ్లిష్‌కు మారితే చాలు. టైప్ టూల్‌లో ఉండగా షార్ట్‌కట్ కొట్టినా అక్షరాలే పడతాయి. ముందు కంట్రోల్+ఎంటర్‌తో టెక్స్ట్ ముగించండి.

ఎనిమిది ఫొటోల లెక్క

పాస్‌పోర్ట్ ఫొటోలను 4 × 6 అంగుళాల కాగితం మీద ఎనిమిది వేస్తారు. 300 డీపీఐలో ఆ కాగితం 1800 × 1200 పిక్సెళ్లు. ఒక్కో ఫొటోను కాపీ చేసి, జరిపి, గీతకు గీత కలిపేసరికి నాకు చెమటలు పట్టేవి. మామ చూపించిన పద్ధతి ఇది. క్రాప్ టూల్‌లో 3.5 సెం.మీ, 4.5 సెం.మీ, 300 అని ఇచ్చి దాన్ని ప్రీసెట్‌గా దాచుకోవాలి. క్రాప్ అయ్యాక ఆల్ట్+కంట్రోల్+సితో కాన్వాస్ సైజ్ తెరిచి 450 × 600 పిక్సెళ్లకు పెంచితే చుట్టూ తెల్ల అంచు వస్తుంది. 450ని నాలుగుతో గుణిస్తే 1800, 600ని రెండుతో గుణిస్తే 1200. కాగితం సరిగ్గా నిండుతుంది. ఎడిట్ మెనూలో డిఫైన్ ప్యాటర్న్ కొట్టి, 1800 × 1200 కొత్త ఫైల్ తెరిచి, షిఫ్ట్+ఎఫ్5 నొక్కి, ఆ ప్యాటర్న్ ఎంచుకుని ఫిల్ చేస్తే ఎనిమిది ఫొటోలు ఒక్క దెబ్బకు పడతాయి.

ఒకే వరసలో మళ్లీ మళ్లీ చేసే పనులకు యాక్షన్స్ ఉన్నాయి. ఆల్ట్+ఎఫ్9 కొడితే ప్యానెల్ వస్తుంది. రికార్డు చేసి ఒక ఫంక్షన్ కీ ఇచ్చుకుంటే తర్వాత ఆ కీ ఒక్కటి చాలు. నేను కాన్వాస్ పెంచే అడుగును యాక్షన్‌లో పెట్టాను, ప్యాటర్న్ నింపే అడుగును పెట్టలేదు. దాన్ని చేత్తో ఎంచుకుంటేనే ఒకరి కాగితం మీద ఇంకొకరి ముఖం పడకుండా ఉంటుంది.

ఇదే మన క్లబ్ ఫొటోలకు వర్తిస్తుంది. ఫంక్షన్‌లో తీసిన రెండు వందల ఫొటోలను ఒక్కొక్కటి తెరిచి చిన్నవి చేయాల్సిన పని లేదు. ఫైల్ మెనూలో స్క్రిప్ట్స్ కింద ఇమేజ్ ప్రాసెసర్ ఉంటుంది. ఫోల్డర్ చూపించి, సైజు ఇచ్చి, మీ యాక్షన్ కూడా తగిలించి టీ తాగడానికి పోవచ్చు. ఉద్యోగాల అప్లికేషన్లలో ఫొటో ఇన్ని కేబీల్లోపే ఉండాలని ఉంటుంది. ఐబీపీఎస్ వాళ్లయితే ఫొటోకు 200 × 230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ అడుగుతారు. ఆల్ట్+షిఫ్ట్+కంట్రోల్+ఎస్ కొడితే వచ్చే సేవ్ ఫర్ వెబ్‌లో క్వాలిటీ తగ్గిస్తూ పోతే ఫైల్ సైజు కిందనే కనిపిస్తుంది.

నెల తిరిగేసరికి నా చెయ్యి బాగా ఉరుకుతోంది. మామ కౌంటర్ నాకు వదిలి భోజనానికి పోయేవాడు. ఇంక నాకు అన్నీ వచ్చేశాయనుకున్నా.

నేను చెరిపేసిన గీత

ఒక సాయంత్రం ఒక ముసలమ్మ, ఆమె బిడ్డ వచ్చారు. ముసలమ్మ భర్త బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన పోయి తొమ్మిది రోజులైంది. ఎల్లుండి దినం. ఫ్రేము కట్టిన ఫొటో కావాలి, ఒక ఫ్లెక్సీ కావాలి. ఆయన ఒక్కడే ఉన్న ఫొటో ఇంట్లో ఒకే ఒకటి దొరికింది. ఏదో పాత కాగితం నుంచి ఊడదీసిన బ్లాక్ అండ్ వైట్ ఫొటో. ఒక మూల ముద్ర సిరా అంటింది, నుదుటి మీదుగా అడ్డంగా మడత ఉంది, అక్కడక్కడ బూజు మచ్చలు.

నేను స్కాన్ చేసి, అసలు ఫొటో వాళ్లకిచ్చి, పొద్దున రమ్మన్నా. జె కొట్టి స్పాట్ హీలింగ్ బ్రష్ పట్టుకుని మొదలుపెట్టా. మడత పోయింది, బూజు పోయింది, సిరా పోయింది. నుదుటి మీద, ఎడమ కనుబొమ్మ పైన మడతకు ఆనుకుని ఇంకో నల్ల గీత ఉంది. అదీ మడతలో ముక్కే అనుకుని రెండు రుద్దులు రుద్దితే పోయింది. చర్మం కాస్త నున్నగా చేశా. షిఫ్ట్+కంట్రోల్+ఇ కొట్టి లేయర్లన్నీ కలిపేసి, కంట్రోల్+ఎస్ కొట్టా. స్కాన్ చేసిన ఫైల్ మీదే సేవ్ అయిపోయింది. రెండు గంటల్లోపే పని అయిందని నా మీద నాకే గర్వం.

పొద్దున పదింటికి వాళ్లొచ్చారు. ముసలమ్మ తెర ముందు చాలాసేపు నిలబడింది.

"మంచిగనే ఉన్నడు బిడ్డా. గని మా ఆయన గాదు" అన్నది.

నాకు అర్థం కాలేదు. ఆమె తన నుదుటి మీద, కనుబొమ్మ పైన వేలు పెట్టి చూపించింది. "గీడ గీత ఉండాలె. బాయిల పెచ్చు మీద వడ్డప్పుడు తాకింది. మా పెద్దోడు కడుపుల ఉన్నడు అప్పుడు. గది లేకుంటే ఆయన ఎట్లయితడు?"

బొగ్గు బాయిల్లో దెబ్బ తగిలితే గాయంలో బొగ్గు పొడి ఉండిపోతుంది. దాని మీదే చర్మం మూసుకుంటుంది. పచ్చబొట్టులాగా నీలం గీత జీవితాంతం నిలుస్తుంది. మా ఇలాకాలో పాత కార్మికుల చేతుల మీద, ముఖాల మీద అట్లాంటి గీతలు నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. బ్లాక్ అండ్ వైట్‌లో అది నల్ల గీతగా పడింది. ఎన్నోసార్లు చూసినదాన్నే తెర మీద గుర్తుపట్టలేకపోయా.

కంట్రోల్+జెడ్ కొడదామంటే అదీ లేదు. ఫొటోషాప్ హిస్టరీలో మామూలుగా 50 అడుగులే గుర్తుంటాయి. బ్రష్‌తో పెట్టే ఒక్కో చుక్క ఒక్కో అడుగు. ఫైల్ మూసేస్తే అవి కూడా పోతాయి. పోనీ అసలు స్కాన్ ఉందా అంటే, దాని మీదే సేవ్ చేశాను.

మామ నన్ను తిట్టలేదు. వాళ్లకు టీ తెప్పించి, నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "చెయ్యి ఉరకాలె అల్లుడా, కన్ను ఉరకద్దు" అన్నాడు. ముసలమ్మ సంచిలో నుంచి ఆ ఫొటో మళ్లీ తీసింది. నేను స్కానర్ అద్దం తుడిచా.

రెండోసారి చేసిన పద్ధతి

ఇప్పుడు నేను ఏ ఫొటో ముట్టుకున్నా ఈ వరసలోనే చేస్తా. పోస్టర్‌కైనా ఇదే.

1. స్కాన్ ఫైల్‌ను ముట్టుకోను. తెరవగానే షిఫ్ట్+కంట్రోల్+ఎస్ కొట్టి పీఎస్‌డీగా వేరే పేరుతో దాస్తా.

2. అసలు లేయర్ మీద ఒక్క చుక్క కూడా పెట్టను. షిఫ్ట్+కంట్రోల్+ఆల్ట్+ఎన్ కొడితే ఏమీ అడగకుండా ఖాళీ లేయర్ వస్తుంది. స్పాట్ హీలింగ్ బ్రష్‌కు పైన శాంపిల్ ఆల్ లేయర్స్ అని ఉంటుంది, దానికి టిక్ పెడితే సవరణలన్నీ ఆ ఖాళీ లేయర్ మీదే పడతాయి. తప్పు చేస్తే ఆ చోట రబ్బరు టూల్‌తో తుడిస్తే చాలు, కింద అసలు ఫొటో అట్లనే ఉంటుంది.

3. మడతకు ఒక లేయర్, మచ్చలకు ఒక లేయర్, ముఖానికి ఒక లేయర్. పేర్లు తెలుగులోనే పెడతా. ముసలమ్మ అడిగింది ముఖం లేయర్‌లో ఉండి ఉంటే కన్ను బొమ్మ మీద ఒక్క క్లిక్‌తో అయిపోయేది. మూడు గంటలు పట్టేది కాదు.

4. వెలుగు, చీకటి సరిచేయడానికి కంట్రోల్+ఎల్ నేరుగా కొట్టకుండా లెవెల్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేస్తా. పొద్దున ఎక్కువైందనిపిస్తే సాయంత్రం తగ్గించుకోవచ్చు.

5. మధ్యమధ్యలో అడుగు లేయర్ కన్ను బొమ్మ మీద ఆల్ట్ పట్టుకుని క్లిక్ చేస్తా. అసలు ఫొటో ఒక్కటే కనిపిస్తుంది. మళ్లీ క్లిక్ చేస్తే నేను చేసింది. అదే మనిషా కాదా అని అప్పుడే చూసుకోవాలి.

గీత మడతదా, మనిషిదా అని పోల్చుకోవడానికి మామ ఒక గుర్తు చెప్పాడు. ముఖం దాటి వెనక బ్యాక్‌గ్రౌండ్‌లోకి కూడా పోయిందంటే అది కాగితం మడత. చర్మం దగ్గరే ఆగిందంటే అది ఎక్కువసార్లు మనిషిదే. అప్పటికీ అనుమానముంటే తెచ్చినవాళ్లనే అడగాలి. "నున్నగ చేసే ముందు ముఖం మీద ఏమేం ఉంచాల్నో అడుగు" అన్నాడు. ఆయన డార్క్‌రూమ్ రోజుల మనిషి, నెగెటివ్ మీద సన్న పెన్సిల్‌తో మచ్చలు దిద్దిన చెయ్యి. అక్కడ అన్‌డూ ఉండదు కాబట్టి దిద్దే ముందే అడిగేవాళ్లట.

ఫొటోషాప్ మొదటి వెర్షన్ 1990లో వచ్చినప్పుడు లేయర్లు లేవు, అవి 1994లో మూడో వెర్షన్‌లో వచ్చాయి. సాఫ్ట్‌వేర్ నాకు లేయర్లు ఇచ్చినా నేను అన్నీ కలిపేసి 1994కు ముందు కాలానికి పోయి పనిచేశాను.

ఏఐతో ఒక్క క్లిక్‌లో అవుతుంది కదా అని మీరు అడగొచ్చు. అవుతుంది. న్యూరల్ ఫిల్టర్లలో పాత ఫొటోలు బాగుచేసేది ఉంది, జెనరేటివ్ ఫిల్ ఉంది. చిరిగిన మూలకు, మాసిన గోడకు నేనూ వాడతా. కానీ ముఖం మీద అవి చేసేది ఊహే. ఆ గీత గాయమని దానికి ఎవరూ చెప్పలేదు. ఫలితాన్ని కొత్త లేయర్ మీద తీసుకుని, ముఖం వరకు మాస్క్‌తో దాచేయండి.

ఫ్లెక్సీ మీద అక్షరాలు

అదే రోజు ఫ్లెక్సీ పనిలో ఇంకో ఇబ్బంది. ఇంటి నుంచి తెచ్చుకున్న నా ల్యాప్‌టాప్‌లో శ్రద్ధాంజలి అని యూనికోడ్‌లో కొడితే వత్తులు విడిపోయి పక్కపక్కన నిలబడ్డాయి. మన క్లబ్ పోస్టర్లలో కూడా ఇది అందరికీ ఎదురయ్యేదే. కంట్రోల్+కె కొట్టి, టైప్ అనే చోట వరల్డ్-రెడీ లేఅవుట్ అన్న ఎంపిక మీ వెర్షన్‌లో ఉంటే దాన్ని ఎంచుకోండి. కొన్ని పాత వెర్షన్లలో దాన్నే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అంటారు. సాఫ్ట్‌వేర్ మూసి తెరిచి, కొత్త ఫైల్‌లో కొట్టి చూడండి. సరిచూడటానికి శ్రద్ధాంజలి అన్న మాటే మంచి పరీక్ష, క్రావడి, వత్తు రెండూ ఉన్నాయి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న, మండలి, సూరన్న వంటివి ఉచితంగా దొరుకుతాయి. అను ఫాంట్లలో కొట్టిన మాటలు యూనికోడ్ కావు. ఫాంట్ మారిస్తే గజిబిజి అక్షరాలు వస్తాయి, వాట్సాప్‌లో వచ్చిన కవితను తెచ్చి అందులో అతికించలేం. ఏదో ఒక దారి ముందే ఎంచుకోండి.

పేరు మాత్రం వాళ్లతోనే కాగితం మీద రాయించుకోవాలి. ఫ్లెక్సీ ప్రింటయ్యాక దీర్ఘం పెట్టే షార్ట్‌కట్ ఏదీ లేదు.

ఫొటోషాప్ లేనివాళ్లకు

గింప్ ఉచితం. 1995లో బర్క్‌లీలో మనలాంటి ఇద్దరు స్టూడెంట్లు మొదలుపెట్టిందే అది. లేయర్ కాపీకి అందులో షిఫ్ట్+కంట్రోల్+డి, హీల్ టూల్‌కు హెచ్, క్లోన్‌కు సి. 2025లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి ఫిల్టర్లను కూడా అసలు బొమ్మ చెడకుండా వేయొచ్చు. ఏదీ ఇన్‌స్టాల్ చేయలేని ల్యాబ్ సిస్టంలో ఫొటోపీ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, షార్ట్‌కట్లు చాలావరకు ఫొటోషాప్‌వే. కంట్రోల్+డబ్ల్యూ మాత్రం కొట్టకండి, బ్రౌజర్ ట్యాబే మూసుకుపోయే ప్రమాదముంది.

అన్నీ ఒకేసారి బట్టీ పట్టొద్దు. ఈ వారం మూడు చాలు: కంట్రోల్+జె, చదరపు బ్రాకెట్లు, ఖాళీ లేయర్ మీద హీలింగ్. వచ్చే వారం ఇంకో మూడు. డౌట్లుంటే క్లబ్ రూమ్‌లో కలవండి.

ఆ రోజు ఒంటి గంటకు ప్రింట్ అయింది. మూడు గంటలూ ముసలమ్మ స్టూడియో బెంచీ మీదే కూర్చుంది. ఫ్రేము చేతికిస్తే ముందు కనుబొమ్మ పైన చూసింది. ఏమీ అనలేదు. కొంగుతో అద్దం ఒకసారి తుడిచి, చంకలో పెట్టుకుని బిడ్డతో కలిసి బస్టాప్ వైపు నడిచింది. ఆ పీఎస్‌డీ ఫైల్ లేయర్లు కలపకుండా ఇప్పటికీ మా మామ సిస్టంలో ఉంది.